అనీబిసెంట్ రాసుకున్న కాగితం, మనం రాసుకునే కాగితాలు

మదనపల్లె బి.టి. కాలేజీ పేరెత్తితే ఎవరైనా ముందు ఠాగూర్ సంగతే చెబుతారు. 1919లో ఆయన ఇక్కడికొచ్చి కొన్నాళ్లుండడం, జనగణమనను ఇంగ్లీషులోకి తిప్పడం, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాయడం మన పిల్లలు బళ్లో వినే సంగతులే. కానీ ఆ కాలేజీ పేరులో ఉన్న 'బి' ఎవరిదో, ఆమె సంసారం ఏమైందో చెప్పేవాళ్లు తక్కువ. 1915లో ఆ కాలేజీ పెట్టించిన అనీబిసెంట్ మొగుడితో పొసగక విడిపోయి, పిల్లల కోసం కోర్టు మెట్లెక్కి, ఓడిపోయిన ఆడమనిషి. మన ఊళ్లలో ఇప్పుడు విడాకుల దాకా వచ్చే ఆడపిల్లలకు ఎదురయ్యే చిక్కుల్లో సగం ఆమెకు నూట యాభై ఏళ్ల కిందటే ఎదురయ్యాయి.

1867లో ఆమెకు ఫ్రాంక్ బిసెంట్ అనే పాదిరితో పెళ్లయింది. కాపురంలో ఉండగానే చిన్న కథ రాసి ఒక పత్రికకు పంపితే ముప్పై షిల్లింగుల చెక్కు వచ్చింది. అది ఆమె మొదటి సంపాదన. పెళ్లయిన ఆడదాని సంపాదన చట్టప్రకారం మొగుడిదేనని అప్పటికి తనకు తెలియదని ఆత్మకథలో రాసుకుంది. 1870లో వచ్చిన చట్టంతో ఇంగ్లండులో పెళ్లయిన ఆడవాళ్ల సంపాదన వాళ్లదే అయింది. ఆస్తి మీద పూర్తి హక్కుకు 1882 దాకా ఆగాల్సి వచ్చింది. జీతం పడిన రోజే ఏటీఎం కార్డు మొగుడి చేతికో అత్తగారి చేతికో ఇచ్చేసే మన పిల్లల్ని చూసినప్పుడు నాకు ఆ ముప్పై షిల్లింగులు గుర్తొస్తాయి. వీళ్లకు చట్టం అడ్డం లేదు. అడ్డమంతా అలవాటుదే.

1873లో వాళ్లు విడిపోయారు. అది విడాకులు కాదు. అప్పటి ఇంగ్లండులో మొగుడికి పెళ్లాం వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు, విడాకులొచ్చేవి. పెళ్లానికైతే మొగుడి వ్యభిచారానికి తోడు క్రూరత్వమో వదిలేసిపోవడమో ఇంకోటి కూడా రుజువు కావాలి. అందుకని ఇద్దరూ ఒక విడిపోయే ఒప్పందం రాసుకున్నారు. కొడుకు డిగ్బీ తండ్రి దగ్గర, కూతురు మేబెల్ తల్లి దగ్గర, ఆమెకు నెలకింత అని. ఆ నెలసరి చాలీచాలనిదే. కొన్నాళ్లు ఫోక్‌స్టన్‌లో ఒక పాదిరి ఇంట్లో గవర్నెస్‌గా పని చేసింది. తర్వాత రాతలూ ఉపన్యాసాలూ కూడు పెట్టాయి.

1877లో కుటుంబ నియంత్రణ గురించిన ఒక చిన్న పుస్తకం అచ్చువేసినందుకు ఆమె మీదా బ్రాడ్‌లా మీదా కేసు నడిచింది. మరుసటేడు మొగుడు కోర్టుకెళ్లాడు. ఇలాంటి తల్లి దగ్గర ఆడపిల్ల పెరగకూడదు, ఒప్పందం ఏమైనా సరే బిడ్డను నాకివ్వండి అన్నాడు. ఎనిమిదేళ్ల మేబెల్‌ను తల్లి నుంచి తీసుకెళ్లిపోయారు. సరే, ఒప్పందమే చెల్లకపోతే నేను నా పాత హింస సంగతులు చెప్పి కేసు వేసుకుంటాను అని ఆమె అడిగింది. కోర్టు కుదరదంది. ఆ ఒప్పందం నీ నోరు కట్టేసేంత వరకు చెల్లుతుంది, బిడ్డను నీ దగ్గర ఉంచేంత వరకు చెల్లదు అని తేలింది. ఒకే కాగితం, ఒకవైపే చెల్లింది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. మన దగ్గర పెద్దమనుషుల ముందర రాసుకునే రాజీ పత్రాలకూ ఇదే గతి పడుతుంది. "బిడ్డ ఖర్చులు నేనడగను, బిడ్డను మాత్రం నాకిచ్చేయండి" అని రాసి సంతకం పెట్టే తల్లులు ఉన్నారు. బిడ్డ పోషణ బిడ్డ హక్కు. తల్లి సంతకంతో అది పోదు, తర్వాతైనా బిడ్డ తరఫున అడగొచ్చు. అట్లాగే బిడ్డ ఎవరి దగ్గరుండాలో ఎంత గట్టిగా రాసుకున్నా, పరిస్థితి మారితే బిడ్డ మేలు చూసి కోర్టు దాన్ని మార్చగలదు. అదే నీ నగలు, నీ డబ్బు, నీ భరణం గురించి నువ్వు రాసిచ్చినవైతే తర్వాత నీకు అడ్డుపడతాయి. పత్రం చదివేటప్పుడు పిల్లల పేరాకంటే ముందు ఆ పేరాలు చదవాలి.

విచిత్రమేమంటే అదే అనీబిసెంట్ బిడ్డల కేసులో రెండోసారి కోర్టులో నిలబడింది, ఈసారి మదనపల్లెలో పుట్టిన బిడ్డ కోసం. జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఇక్కడే పుట్టాడు. తండ్రి నారాయణయ్య 1910లో కృష్ణమూర్తినీ తమ్ముడు నిత్యానందనూ ఆమె సంరక్షణకు అప్పగిస్తూ ఉత్తరం రాసిచ్చి, 1912లో మనసు మార్చుకుని మద్రాసులో దావా వేశాడు. 1913లో హైకోర్టు తండ్రి పక్షాన తీర్పిచ్చింది. 1914లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. పిల్లలు ఇంగ్లండులో ఉన్నారు, వాళ్ల ఇష్టమేమిటో ఎవరూ అడగలేదు అన్నది. తండ్రి తన సంరక్షకత్వాన్ని ఇంకొకరికి తిరిగి తీసుకోలేని విధంగా ఇచ్చేయలేడన్న మాట కూడా ఆ తీర్పులో ఉంది. ఆమె గెలిచినా, సూత్రం మాత్రం ఆమె మొగుడు గెలిచిన సూత్రమే: పిల్లల మీద రాసుకున్న కాగితం శిలాశాసనం కాదు.

మార్గరెట్ కజిన్స్ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. జనగణమనకు స్వరాలు రాసిన తెల్లదొరసానిగా మిగిలిపోయింది గానీ, మన ఆడవాళ్లకు ఆమె చేసింది అంతకంటే ఎక్కువ. మదనపల్లెలో కాలేజీ అధ్యాపకుల ఇళ్ల ఆడవాళ్లను కూడగట్టి అబలా అభివర్ధినీ సమాజం నడిపింది. ఆ పేరులోని 'అబల' నాకు నచ్చదు, అయినా ఆ కూడికలోంచే 1917లో అడయారులో స్త్రీల భారత సంఘం ఆలోచన పెరిగింది. 1927లో అఖిల భారత మహిళా సభ మొదలవడంలోనూ ఆమెది ముందడుగు. మొదట్లో చదువు గురించి మాట్లాడిన ఆ సభ ఏడెనిమిదేళ్లకే ఆస్తి, విడాకులు, రెండో పెళ్లి నిషేధం అడగడం మొదలుపెట్టింది. 1934లో స్త్రీల చట్టపరమైన అశక్తతల మీద దేశమంతా ఒక రోజు పాటించాలని పిలుపిచ్చింది. హిందూ చట్టాన్ని సవరించడానికి రావు కమిటీ వేసింది 1941లో.

అప్పటిదాకా మన పల్లెల్లో విడాకులు లేవని కాదు. బ్రాహ్మణ, వైశ్య ఇళ్లలో లేవు గానీ, ఎన్నో కులాల్లో కులపెద్దల ముందర తెగతెంపులు చేసుకోవడం, దండుగ కట్టడం, ఆడదానికి మారుమనువు కావడం ఉండేవి. విడాకులు అన్న మాటలోనే ఆకు ఉంది. అది చించే ఆకో రాసే తాటాకో పండితులు తేల్చుకోవాలి. పుంగనూరు జమీందారీ పల్లెల్లోనూ, కుప్పం కేంద్రంగా ఉన్న కంగుంది జమీందారీలోనూ బీద ఆడవాళ్లకు ఉన్న ఆ వెసులుబాటు పెద్దింటి ఆడవాళ్లకు లేదు. పెద్దింటామెకు గాజులూ నగలూ ఉండేవి, దారి ఉండేది కాదు.

మన జిల్లా 1911లో పుట్టింది. కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు, ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, పలమనేరు వచ్చి చేరాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మనం మద్రాసు వాళ్లమే. అందువల్ల మనకు ఒక మేలు జరిగింది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. దేశమంతటికీ హిందూ వివాహ చట్టం వచ్చింది 1955 మే నెలలో. కానీ మద్రాసు రాష్ట్రం 1949లోనే హిందూ ద్విభార్యా నిరోధం, విడాకుల చట్టం తెచ్చింది. మొదటి భార్య ఉండగా ఇంకో పెళ్లి చేసుకుంటే అది చెల్లదు, పైగా నేరం. కోర్టుకెళ్లి విడాకులు అడగొచ్చు. 1952లో మద్రాసు హైకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తీర్పిచ్చింది. ఆ లెక్కన మదనపల్లెలో ఉన్న హిందూ స్త్రీకి ఢిల్లీలో ఉన్న స్త్రీకంటే ఆరేళ్లు ముందు ఆ తలుపు తెరుచుకుంది. తలుపు తెరిచారు గానీ, బయటికెళ్తే తిండెట్లా అన్నది వేరే సంగతి.

సరిహద్దు ఊళ్లలో ఇంకో తమాషా ఉండేది. పుంగనూరు పిల్లను ముళబాగిలుకో శ్రీనివాసపురానికో ఇస్తే ఆమె మైసూరు సంస్థానం కిందికి వెళ్లిపోయేది. అక్కడ 1933లోనే స్త్రీల హక్కుల చట్టం వచ్చింది, స్త్రీధనం నిర్వచనం విస్తరించింది. ఇరవై మైళ్ల దూరంలో చట్టం మారిపోయేది. ఇప్పుడు చట్టం ఒకటే గానీ దూరం చిక్కు పోలేదు. కుప్పం పిల్లల్ని బెంగళూరుకు, కృష్ణగిరికి, కోలారుకు ఇస్తుంటాం. గొడవలొచ్చి పుట్టింటికి వస్తే మొగుడు ఉన్న ఊళ్లోనే కేసు వేయాలనుకునేవాళ్లు చాలామంది. 2003 సవరణ తర్వాత హిందూ వివాహ చట్టం కింద భార్య తాను ఉంటున్న ఊరి కోర్టులోనే వేసుకోవచ్చు. ఆ కోర్టులోనే మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలి. ఉద్యోగం చేసే ఆడవాళ్లకు కూడా. ఇది చాలామంది నమ్మరు.

తిండి సంగతికొస్తే, మన రాయలసీమకు అవతల నెల్లూరులో ఒక వితంతువు చేసిన పోరాటం గురించి చెప్పాలి. వడ్డెబోయిన తులసమ్మ భర్త 1931లో పోయాడు. మరిది మీద ఆమె 1944లో మనోవర్తి కేసు వేసింది, డిక్రీ వచ్చింది. 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఆమెకిచ్చారు, అయితే బతికినన్నాళ్లు అనుభవించాలి, అమ్ముకునే హక్కు లేదు అని రాయించారు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. 1960, 61లలో ఆమె కొంత కౌలుకిచ్చింది, కొంత అమ్మింది. మరిది కోర్టుకెక్కాడు. 1977లో సుప్రీంకోర్టు తులసమ్మ పక్షాన చెప్పింది: ఆ ఆస్తి ఎవరి దయా కాదు, ఆమెకు ముందు నుంచీ ఉన్న పోషణ హక్కుకు బదులుగా వచ్చింది, కాబట్టి ఆమె పూర్తి యజమాని. ముప్పై మూడేళ్ల వ్యవహారం. ఈ రోజుకీ దేశంలో ఏ కోర్టులోనైనా ఆడదాని పోషణకిచ్చిన ఆస్తి గురించి వాదన వస్తే ఈ తెలుగామె పేరే చెబుతారు. మనోవర్తి భిక్ష కాదు అని మనం మాటలతో అనుకుంటాం, తులసమ్మ దాన్ని తీర్పుగా రాయించింది.

పక్కనే కడప సబ్‌కోర్టులో ఇంకో కేసు మొదలైంది. సినిమా నటి సరితను కాపురానికి పంపాలని ఆమె భర్త కేసు వేశాడు. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, ఇష్టం లేని ఆడదాన్ని కాపురానికి వెళ్లమని కోర్టు ఆదేశించడం రాజ్యాంగానికే విరుద్ధమని ఆ సెక్షన్‌ను కొట్టేశారు. నిలవలేదు. మరుసటేడు సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ సెక్షన్ చెల్లుతుందంది. ఇప్పటికీ భార్య మనోవర్తి అడగ్గానే మొగుడు 'కాపురానికి రమ్మని' కేసు వేయడం పరిపాటి. వెళ్లకపోతే భరణం పోతుందని భయపెడతారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ భయం తీర్చింది: అలాంటి డిక్రీ ఉన్నా, వెళ్లకపోవడానికి తగిన కారణం ఉంటే మనోవర్తి ఇవ్వాల్సిందే.

కొత్త చట్టాలు పేర్లు మార్చుకున్నాయి. మన అమ్మల కాలం నుంచి 'నూట ఇరవై అయిదు' అని పిలిచే మనోవర్తి సెక్షన్ 2024 జులై నుంచి కొత్త సంహితలో 144 అయింది. 1973లో దానికి నెలకు 500 రూపాయల గరిష్ఠ పరిమితి ఉండేది, 2001లో తీసేశారు. మదనపల్లెలో ముస్లిం ఇళ్లు ఎక్కువ, కాబట్టి ఇదీ చెప్పాలి: విడాకులైన ముస్లిం స్త్రీ కూడా ఈ సెక్షన్ కింద అడగొచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే చెప్పింది. క్రైస్తవ స్త్రీలకైతే 1869 నాటి చట్టం అనీబిసెంట్ కాలపు ఇంగ్లీషు వివక్షనే ఇక్కడికి తెచ్చింది, మొగుడికి ఒక కారణం, పెళ్లానికి రెండు. అది పోవడానికి 2001 దాకా పట్టింది.

ఇంత చరిత్ర నడిచినా మన దేశంలో ఒకటి మాత్రం రాలేదు. విడాకులైతే మొగుడు కాపురంలో కూడబెట్టిన ఆస్తిలో సగం భార్యకు అన్న సూత్రం మనకు లేదు. సినిమాల్లో చూసి అట్లా అనుకుంటారు. ఇల్లు ఎవరి పేరున రిజిస్టరైందో వాళ్లది. భరణం, పోషణ, స్త్రీధనం, మన పేరున ఉన్నది, ఇవే చేతికొచ్చేవి. అందుకే కాగితాలు. 2020లో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు, మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తి, అప్పులు ప్రమాణ పత్రంలో చెప్పాలని ఆదేశించింది. అక్కడ అతను తక్కువ చూపిస్తే తేల్చాల్సింది మన దగ్గరున్న నకళ్లే. అతని జీతం స్లిప్పు, ఆదాయపు పన్ను రిటర్ను, మీభూమిలో పొలం అడంగల్, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో తీసే ఈసీ. పొలానికీ ఇంటికీ ఈసీ తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ ప్రమాణ పత్రం మనమూ ఇవ్వాలి కాబట్టి ఉమ్మడి ఖాతా ఊడ్చేసి దాచుకోవడం లాంటి తెలివితేటలు మన మీదికే వస్తాయి.

నగలు స్త్రీధనమని, మొగుడి చేతికిచ్చినా అవి ఆమెవేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మన దగ్గర నగలు బీరువాలో ఉండేది తక్కువ, బ్యాంకులో ఉండేది ఎక్కువ. టమోటా ధర పడిపోయినా, పట్టుగూళ్లు పోయినా, బోరు వేయాలన్నా ముందు వెళ్లేది ఆడదాని గొలుసే. తాకట్టు మొగుడి పేరున ఉంటే బ్యాంకు అతనికే తిరిగిస్తుంది. రశీదుకు ఒక ఫోటో తీసి పెట్టుకోవడం, పెళ్లి ఫోటోలు, నగల బిల్లులు పుట్టింట్లో ఉంచడం పెద్ద పనేం కాదు. దానికి ఎదురు ఇంకోటి ఉంది: పొదుపు సంఘం అప్పు. ఆవులకనో షెడ్డుకనో అప్పు ఆమె పేరున తీస్తారు, డబ్బు ఇంట్లో వాడతారు. విడిపోయాక వాయిదా కట్టమని వచ్చేది ఆమె దగ్గరికే, తోటి ఆడవాళ్లే వస్తారు. రాజీ మాట్లాడేటప్పుడు నగల లెక్కతో పాటు ఈ లెక్కా బల్ల మీద పెట్టాలి. పెద్దమనుషులు దీన్ని మరిచిపోతారు, లేదా మరిచిపోయినట్టు ఉంటారు.

పెద్దమనుషుల పత్రం గురించి ఒక ముఖ్యమైన మాట. కుల ఆచారం ప్రకారం విడాకులను 1955 చట్టం కాపాడింది, నిజమే. కానీ ఆ ఆచారం తమ కులంలో ఉందని కోర్టులో రుజువు చేయాలి, సుప్రీంకోర్టు 2002లో, ఆ తర్వాతా మళ్లీ మళ్లీ ఇదే చెప్పింది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఇద్దరూ సంతకాలు పెట్టి, ఆ పిల్లకు ఇంకో సంబంధం చేస్తే, రేపు మొదటి పెళ్లి రద్దే కాలేదని తేలితే రెండో పెళ్లి చెల్లదు. ఆ రెండో ఇంట్లో పింఛనూ, ఆస్తీ అన్నీ ప్రశ్నార్థకమే. ఇద్దరూ ఒప్పుకుని విడిపోవాలంటే 1976 నుంచి పరస్పర అంగీకార విడాకులున్నాయి. ఏడాది విడిగా ఉండాలి, దరఖాస్తు వేశాక ఆర్నెల్లు ఆగాలి. తగిన కేసుల్లో ఆ ఆర్నెల్లు తగ్గించొచ్చని 2017 తీర్పు. డిక్రీ అయ్యేలోపు ఎవరైనా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు కాబట్టి, ఏకమొత్తం భరణం అంతా ముందే చెల్లిందా, చివరి వాయిదాకు డీడీ చేతికొస్తుందా అన్నది పత్రంలోనే రాయించుకోవాలి.

పుట్టింటి ఆస్తిలో వాటా విషయంలోనూ మనం ముందున్నాం. 1985 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ చట్టం ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లను మాత్రం వదిలేసింది. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ తేడా తీసేసింది. అయినా అన్నదమ్ములతో మాట పోతుందని వదిలేసుకునేవాళ్లే ఎక్కువ. ఆ మాట కూడా విలువైనదే, తీరా పుట్టింటికి వచ్చాక ఉండాల్సింది ఆ ఇంట్లోనే కదా. ఇక్కడ ఎవరికీ సలహా ఇవ్వను.

చివరగా ఒక చిన్న సంగతి. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం హిందువులకు చాలా వరకు వర్తించదు. దాని ఆరో సెక్షన్ మాత్రం వర్తిస్తుంది: భర్త తన మీద తీసుకున్న బీమా పాలసీ భార్యాపిల్లల కోసమని రాయిస్తే అది వాళ్ల కోసం ట్రస్టు అవుతుంది, అప్పులవాళ్లు దాన్ని ముట్టలేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇది 1914 ఆరంభం నుంచే హిందువులకూ ముస్లింలకూ ఉంది, బ్రిటిష్ ఇండియాలో మిగతా చోట్ల 1923 దాకా రాలేదు. పాలసీ తీసుకునే రోజే దీన్ని రాయించాలి, తర్వాత చేర్చడం కుదరదు. ఆ ఫారం ఏజెంటు దగ్గర ఉంటుంది. అడిగితేనే తీస్తాడు.